ఆరో నంబరు గది నిద్ర కథ

హాస్టల్లో చదివిన ఎవరినడిగినా రెండు జ్ఞాపకాలు తప్పకుండా చెబుతారు. ఒకటి ఆకలి, రెండోది నిద్ర. ఆకలి గురించి ఈ సంచికలో మాకంటే బాగా రాసేవాళ్ళున్నారు. ఉప్మా మీద కవిత లేకుండా మన వార్షికోత్సవ సంచిక ఏ ఏడాదీ వెలువడలేదు కదా! అందుకని మేము నిద్ర గురించి రాయాలనుకున్నాం. ఇందులో మా తప్పు కూడా ఒకటుంది. అది ఏడేళ్ళుగా మా నలుగురికే తెలుసు.

మేమంటే ఆరో నంబరు గది వాళ్ళం. 2017-18లో పదో తరగతి చదివేటప్పుడు ఆ గదిలో 14 మందిమి ఉండేవాళ్ళం. 14 ట్రంకు పెట్టెలు, రెండు ఫ్యాన్లు, అందులో తిరిగేది ఒకటే. పొద్దున నాలుగున్నరకు కామాటి అన్న వరండాలో వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద ఇనుప కడ్డీతో కొట్టేవాడు. ఆ చప్పుడు చెవుల్లో కాదు, పళ్ళల్లో వినబడేది. రాత్రి స్టడీ అవర్ మామూలుగా పదింటి వరకు. పదో తరగతి వాళ్ళకు మాత్రం పదకొండున్నర. లెక్క వేసుకోండి, పడుకునేది అయిదు గంటలు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారన్న సంగతి అప్పుడు మాకెవరికీ తెలియదు. తెలిసినా మేము వినేవాళ్ళం కాదు. ఎక్కువసేపు మేలుకున్నవాడే ఎక్కువ కష్టపడుతున్నవాడని మా లెక్క. మా అమ్మానాన్నలు తెల్లవారకముందే లేచి కూలికి పోయేవాళ్ళు. కష్టమంటే నిద్ర మానుకోవడమేనని మేము వాళ్ళను చూసే నేర్చుకున్నాం.

నిద్రను ఆపడానికి మేము చేయని పని లేదు. బకెట్లో నీళ్ళు పోసుకుని కాళ్ళు పెట్టుకుని చదివాం. తలనొప్పి బామ్ కళ్ళ కింద రాసుకున్నాం. అది కంట్లోకి పోయి ఒకడు అర్ధరాత్రి బోరింగు దగ్గరికి పరుగెత్తాడు. వంటింట్లోంచి పచ్చిమిరపకాయలు తెచ్చి ఒక్కో ప్రశ్నకు ఒకటి చొప్పున కొరికాం. ఇవేవీ పనిచేయలేదు. పనిచేసింది ఒక్క చాయే. వాచ్‌మెన్ తాత రాత్రి పదిన్నరకు బస్టాండు నుంచి ఫ్లాస్కు నిండా చాయ తెచ్చేవాడు. తలా రెండు రూపాయలు వేసుకునేవాళ్ళం. తాగిన అరగంటకు కళ్ళు విచ్చుకునేవి, త్రికోణమితి కూడా స్నేహంగా కనిపించేది. కానీ పదకొండున్నరకు లైటు తీసేశాక రెండింటి దాకా పైకప్పు చూస్తూ పడి ఉండేవాళ్ళం. మర్నాడు సాంఘిక శాస్త్రం పీరియడ్‌లో ఆ నిద్రంతా వడ్డీతో సహా వచ్చిపడేది.

అది ఎందుకో మాకు ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో తెలిసింది. (మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేమే. అందుకని ఏ పాఠం చదివినా ముందు మన హాస్టల్‌కు అన్వయించుకుని చూసే అలవాటు మాకు పోలేదు.) మెదడు కణాలు పగలంతా పనిచేస్తూ శక్తిని ఖర్చు పెడుతుంటే అడినోసిన్ అనే పదార్థం పోగుపడుతూ ఉంటుంది. అది కణాల మీద తన కోసమే ఉన్న సీట్లలో కూర్చుంటుంది. సీట్లు నిండుతున్నకొద్దీ కళ్ళు బరువెక్కుతాయి. నిద్రపోతే ఆ పోగు తరిగిపోతుంది. చాయలో, కాఫీలో ఉండే కెఫీన్ ఆకారంలో కొంత అడినోసిన్‌ను పోలి ఉంటుంది. దాని సీట్లలో ఇది పోయి కూర్చుంటుంది, కానీ నిద్ర మాట చెప్పదు.

మన ఆర్టీసీ బస్సు ఆగగానే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకుంటాం చూడండి, కెఫీన్ ఆ తువ్వాలు లాంటిది. అడినోసిన్ బస్సెక్కకుండా ఆగదు. ఎక్కుతూనే ఉంటుంది, నిలబడే ఉంటుంది. తువ్వాలు తీయగానే నిలబడ్డవాళ్ళందరూ ఒక్కసారి కూర్చుంటారు. సాంఘిక శాస్త్రం పీరియడ్‌లో మాకు జరిగింది అదే. పైగా తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికే పెద్దవాళ్ళకు సుమారు అయిదు గంటలు పడుతుంది. పదిన్నర చాయలో సగం తెల్లవారుజామున మూడున్నరకు కూడా మా ఒంట్లోనే ఉండేదన్నమాట. రైలు పట్టా మోగడానికి అప్పటికి ఇంకా గంటే. కాఫీ గింజల నుంచి ఈ పదార్థాన్ని 1819లో వేరుచేసిన జర్మన్ రసాయనవేత్త రుంగేకు ఆ గింజలిచ్చింది మహాకవి గేథే. కవులకు నిద్ర చెడగొట్టే అలవాటు అప్పటి నుంచే ఉన్నట్టుంది!

మెదడులో నిద్రకొక చోటు, మెలకువకొక చోటు ఉన్నాయని మొదట గట్టిగా చెప్పినవాడు వియన్నా వైద్యుడు వాన్ ఎకనామో. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో యూరప్‌లో ఒక వింత మెదడువాపు జబ్బు వచ్చింది. చాలామంది రోగులు తెరిపి లేకుండా నిద్రపోయేవాళ్ళు. కొందరికి అసలు నిద్రే పట్టేది కాదు. చనిపోయినవారి మెదళ్ళను పరిశీలిస్తే, నిద్రపోయినవాళ్ళకు హైపోథలామస్ వెనుక భాగం, నిద్ర రానివాళ్ళకు ముందు భాగం దెబ్బతిని కనిపించాయి. హైపోథలామస్ అంటే మెదడు అడుగున ఉండే చిన్న భాగం. ఒక్క జబ్బు రెండు మీటలను చూపించింది. వెనుక భాగంలో మెలకువను నిలిపే కణాలున్నాయి, వాటిలో కొన్ని హిస్టమిన్‌ను విడుదల చేస్తాయి. ముందు భాగంలో నిద్ర పుచ్చే కణాలున్నాయి, అవి గాబా అనే రసాయనంతో మెలకువ కణాలను ఊరుకోబెడతాయి.

ఈ హిస్టమిన్ సంగతి తెలిశాక మాకు ప్రీఫైనల్ పరీక్షలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. మాలో ఒకడికి జలుబు చేసి ముక్కు కారుతుంటే, చదువు పాడవుతుందని మెడికల్ షాపులో అడిగి చిన్న పచ్చ మాత్ర తెచ్చుకుని వేసుకున్నాడు. గంటలో పుస్తకం మీదే పడి గురక పెట్టాడు. ముక్కు కారడానికి ఒక కారణం ఒంట్లోని హిస్టమిన్. మనల్ని మేల్కొలిపి ఉంచేదీ అదే పేరుగల రసాయనం. ముక్కు దగ్గర దాన్ని ఆపమని వేసుకున్న పాత రకం జలుబు మాత్ర మెదడులోకి కూడా పోయి అక్కడా ఆపుతుంది. వాడిని చదువు మీద శ్రద్ధ లేదని ట్యూటర్ సార్ నిలబెట్టాడు. పాపం, శ్రద్ధ ఎక్కువైతే వచ్చిన నిద్ర అది!

మన దేశంతో ముడిపడిన కథ ఇంకొకటి చెప్పి మా వాడి దగ్గరికి వస్తాం. సర్పగంధి వేరు మనవాళ్ళకు పాత మందు. పిచ్చికి, రక్తపోటుకు అది పనిచేస్తుందని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. ఆ వేరు నుంచి 1952లో రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది డోపమిన్ వంటి రసాయనాలను మెదడు కణాల నుంచి ఖాళీ చేస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్ళకు రిసర్పిన్ ఇస్తే అవి చెవులు వాల్చి కదలకుండా పడిపోయాయి. తర్వాత డోపమిన్‌గా మారే ఎల్-డోపా ఇస్తే లేచి తిరిగాయి. ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. బద్ధకమని, సోమరితనమని మనం తిట్టేదాని వెనుక ఒక్కోసారి ఒక రసాయనం ఖాళీ అయి ఉంటుందని ఆ కుందేళ్ళ బొమ్మ చూసినప్పుడు మాకు అనిపించింది. అనిపించగానే కిటికీ పక్క వాడు గుర్తొచ్చాడు.

వాడి పేరు రాయడం లేదు. వాడిని అడిగే ఇదంతా రాస్తున్నాం. పదో తరగతి సంక్రాంతి సెలవుల తర్వాత వాడు స్టడీ అవర్‌లో కూర్చున్నచోటే తూగడం మొదలుపెట్టాడు. మేము వాడికి కుంభకర్ణుడని పేరు పెట్టాం. నిద్రలో ఉండగా మూతికి బొగ్గుతో మీసాలు దిద్దాం. శనివారం సాయంత్రం ఊరికి పోయి సోమవారం పొద్దున వచ్చేవాడు. సోమవారమైతే మరీ నిలబడే నిద్రపోయేవాడు. ఎందుకురా అంటే "ఏం లేదన్నా" అనేవాడు. ఆఖరికి ఒకరోజు చెప్పాడు, వాళ్ళ నాయనకు నిద్ర రావడం లేదని.

వాళ్ళ ఊళ్ళో కల్లు దుకాణం ఆ జనవరిలో మూతపడింది. వాళ్ళ నాయన పదేళ్ళుగా పొద్దుగూకితే అక్కడ రెండు సీసాలు తాగి వచ్చి పడుకునేవాడు. అది మందు కల్లు. చెట్టెక్కి కల్లు గీసే గౌడన్నలను మేము ఇందులోకి లాగడం లేదు, వాళ్ళు దించే కల్లు వేరు. చెట్లు తక్కువై, తాగేవాళ్ళు ఎక్కువైనచోట నీళ్ళల్లో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపి కల్లని అమ్మేవాళ్ళున్నారు. దుకాణం బంద్ అయిన రెండో రోజుకు ఆయన చేతులు వణికాయి. మూడు రాత్రులు కన్ను మూయలేదు. గోడ మీద ఎవరో నడుస్తున్నారని అరిచాడు. నాలుగో రోజు మూర్ఛలొచ్చాయి. ఊళ్ళో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు, కోడిని కోశారు. అమ్మ ఒక్కతే పట్టుకోలేకపోతుంటే వీడు శని, ఆదివారాలు రెండు రాత్రులూ నాయన పక్కన కూర్చునేవాడు. పదిహేనేళ్ళవాడు! వాడి ముఖం మీదే మేము మీసాలు దిద్దింది.

చివరికి జిల్లా ఆస్పత్రిలో డాక్టరమ్మ సంగతి గ్రహించింది. "కల్లు బందయినంక మొదలైందా?" అని ఒకే ప్రశ్న అడిగిందట. ఆమె ఇచ్చిన మాత్రలు డయాజిపామ్. ఇది మాకు అప్పుడు వింతగా ఉండేది. కల్లులో కలిపే విషాన్నే మందుగా ఇవ్వడమేమిటి?

గాబా పాఠం విన్న రోజు ఆ చిక్కు విడిపోయింది. మెదడులో గాబా క్లాస్ లీడర్ లాంటిది. తిరుగుతూ "ఊరుకోండి, ఊరుకోండి" అంటుంటే కణాలు సద్దుమణుగుతాయి. డయాజిపామ్ తాను ఎవరినీ ఊరుకోబెట్టదు, లీడర్ గొంతు పెంచుతుంది అంతే. 1963లో అది అమ్మకానికి వచ్చింది. కొద్ది రోజుల వాడకంలో నిజంగా మేలు చేసే మందే. కానీ రోజూ, ఏళ్ళ తరబడి లీడర్ అరుస్తూ ఉంటే క్లాసు ఏం చేస్తుంది? ఆ అరుపుకు అలవాటు పడిపోతుంది. అంతకంటే గట్టిగా మాట్లాడటం నేర్చుకుంటుంది. ఆ స్థితిలో ఒక్కసారిగా మందు ఆగితే లీడర్ గొంతు ఎవరికీ వినబడదు, క్లాసంతా ఒక్కటే అరుపు. ఆ అరుపే నిద్రలేమి, వణుకు, లేని మనుషులు కనబడటం, మూర్ఛలు. ప్రాణం కూడా పోవచ్చు. అందుకే అదే జాతి మందును లెక్క ప్రకారం ఇచ్చి వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. సారా కూడా ఇదే తలుపు తడుతుంది. మరీ ఎక్కువగా, రోజూ తాగేవాళ్ళు ఉన్నట్టుండి మానితే ఇదే ప్రమాదం. మన ఊళ్ళల్లో "ఒట్టు పెట్టించి మాన్పించాం" అని గర్వంగా చెప్పుకునేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. మాన్పించండి, కాకపోతే ఆస్పత్రి దారిలో మాన్పించండి.

ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఇదే తీరున జనం ఆస్పత్రులకు వచ్చారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి ప్రాణాలే పోయాయి. వార్త చదివిన రాత్రి మేము ఒకరికొకరం ఫోను చేసుకున్నాం. ఎవరమూ పెద్దగా మాట్లాడలేదు.

ఇక మా తప్పు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. లెక్కల రెండో పేపరు ముందురోజు రాత్రి వాడికి నిద్ర పట్టలేదు. అన్నాళ్ళు తూగినవాడికి ఆ ఒక్క రాత్రి గుండె దడదడలాడింది. మేము మామూలుగా చాయ తాగించాం, అది ఇంకా చెడగొట్టింది. పన్నెండు దాటింది. వాడి ట్రంకు పెట్టెలో వాళ్ళ నాయన మాత్రల చీటీ ఉంది. పట్నంలో మందులు తీసుకుని శనివారం ఇంటికి చేర్చే పని వాడిదే. మాలో ఒకడన్నాడు: "ఒక్కటేసుకో. మీ నాయనకు నిద్రొస్తలేదా? నీకూ వస్తది. నాలుగున్నరకు లేపుతం." మిగిలిన ముగ్గురం తలూపాం. ఒకడు గ్లాసులో నీళ్ళు తెచ్చాడు. ఎవడన్నాడు, ఎవడు నీళ్ళు తెచ్చాడు అని ఇప్పుడు విడదీసి చెప్పం. మేమే ఇచ్చాం.

వాడు నిద్రపోయాడు. నాలుగున్నరకు రైలు పట్టా మోగినా లేవలేదు. ఏడింటికి నీళ్ళు చల్లి లేపాం. లేచాడు, ముఖం కడుక్కున్నాడు, ఉప్మా తిన్నాడు, మాతోపాటే నడిచి సెంటరుకు వచ్చాడు. తొమ్మిదిన్నరకు పరీక్ష రాశాడు. మధ్యాహ్నం ప్రశ్నపత్రం పట్టుకుని ఏమేం రాశావురా అంటే మా ముఖాలు చూశాడు. "రాసిన... యాదికొస్తలేదు" అన్నాడు. నవ్వుతున్నాడేమో అనుకున్నాం. నవ్వడం లేదు.

డయాజిపామ్ సగం తగ్గడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు కూడా పడుతుంది. రాత్రి పన్నెండున్నరకు వేసుకున్నది పరీక్ష హాల్లో చాలా భాగం వాడి ఒంట్లోనే ఉంది. ఈ జాతి మందులు మత్తులో ఉంచడమే కాదు, అప్పుడు జరుగుతున్నదాన్ని మెదడు దాచుకోకుండా చేస్తాయి. వాటి వల్ల వచ్చే నిద్రలో గాఢనిద్ర తగ్గుతుంది. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. అంటే మేము వాడికి నిద్ర ఇచ్చామనుకుని, నిద్ర వల్ల వచ్చే లాభం తీసేసి ఒట్టి మైకం ఇచ్చాం. వాడికంటే బరువు, వయసు ఎక్కువున్న మనిషికి, ఏళ్ళుగా అలవాటైన ఒంటికి డాక్టరు లెక్కగట్టి రాసిన మాత్ర అది.

లెక్కల్లో వాడు తప్పాడు. జూన్‌లో సప్లిమెంటరీ రాసి పాసయ్యాడు, కానీ అప్పటికి వేసవంతా కూలికి పోయి ఇంటర్ మీద ఆశ వదులుకున్నాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేశాడు. వార్డెన్ సార్ ఫలితాల రోజు వాడితో "ఎంత నిద్రపోతివిరా" అన్నారు. మేము అక్కడే ఉన్నాం. నోరు విప్పలేదు. సార్ ఈ సంచిక చదువుతారని మాకు తెలుసు.

ఇప్పుడు ఆ గదిలో ఉంటున్న తమ్ముళ్ళకు రెండు మాటలు చెప్పాలి. మీలో ఎవడైనా కంటి నిండా నిద్రపోయి కూడా పగలు ఆగకుండా తూగుతుంటే, పగలబడి నవ్వినప్పుడు మోకాళ్ళు పట్టుతప్పి కూలబడుతుంటే, వాడికి మీసాలు దిద్దకండి. నార్కోలెప్సీ అనే జబ్బు ఉంది. మెలకువను నిలకడగా పట్టి ఉంచే ఒరెక్సిన్ అనే రసాయనాన్ని 1998లో కనిపెట్టారు, అది తయారుచేసే కణాలు నశించిపోతే ఆ జబ్బు వస్తుంది. డాక్టరుకు చూపించండి. వాళ్ళ కోసం ఉన్న మొడాఫినిల్ మాత్రను యూనివర్సిటీ హాస్టళ్ళలో పరీక్షల ముందు చేతులు మార్చడం మేము చూశాం. డోపమిన్‌ను వెనక్కి పోకుండా ఆపి మేలుకొలుపుతుంది, నిజమే. మూడు రాత్రులు మేలుకున్న ఒక మిత్రుడు వైవాలో తన ప్రాజెక్టు పేరు మరిచిపోయాడు.

చాయ మానమని చెప్పే అర్హత మాకు లేదు. ఇది రాస్తూ రెండుసార్లు తాగాం. సాయంత్రం అయిదు లోపల తాగండి. ఇంకో మాట, పదకొండున్నర దాకా స్టడీ, నాలుగున్నరకు గంట అనే పద్ధతి ఇప్పటికీ ఉంటే, రెండింటిలో ఏదో ఒకటి మార్చమని పూర్వ విద్యార్థులుగా వార్డెన్ సార్‌ను కోరుతున్నాం. ఈ వయసులో నిద్ర తెచ్చే మెలటోనిన్ పెద్దవాళ్ళకంటే ఆలస్యంగా ఊరుతుంది. తమ్ముళ్ళకు పదింటికి నిద్ర రాకపోవడం, నాలుగున్నరకు లేవలేకపోవడం పొగరు కాదు.

పోయిన దసరాకు వాడి ఇంటికి వెళ్ళాం. వాడే ఊళ్ళో అందరి ఇళ్ళకూ వైరింగు చేస్తున్నాడు. వాళ్ళ నాయన బయట నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు మందు కల్లు ముట్టడు. మాకు చాయ పెట్టించాడు.

"ఏం సదువుతున్నరు బిడ్డా?" అన్నాడు.

నిద్ర ఎట్లా వస్తది, మందులు దాన్నేం చేస్తయి, అది చదువుతున్నాం పెదనాయనా అన్నాం.

ఆయన గట్టిగా నవ్వాడు. "నిద్రకు గూడ సదువేనా? పండుకుంటే రాదా?" అన్నాడు. తర్వాత కాసేపు చేతులకేసి చూసుకున్నాడు. "నాకు రాలే గద" అన్నాడు.

మా వాడు లోపలికెళ్ళి దుప్పట్లు తెచ్చి వేశాడు. ఆ రాత్రి అందరం ఆయన మంచం పక్కనే పడుకున్నాం.